పాముకాటుకు పోయిన ఎబినేజర్

ఆ శనివారం పొద్దున ఎబినేజర్ పెట్టుకున్న పని ఒక్కటే. ఏడు గంటల నుంచి ముప్పావు గంటసేపు ఇంట్లో చప్పుడు కాకుండా చూడాలి. కూతురు స్తుతిని అమెరికాలోని ఓ పెద్ద యూనివర్సిటీ వాళ్ళు కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ చేయబోతున్నారు. కోడిపుంజును గంప కింద మూశాడు. మిక్సీ వేయొద్దని పక్కింటి నాగలక్ష్మిని బతిమాలాడు. భార్య లిదియాను ఉదయ ప్రార్థనకు పంపేశాడు.

ఆయన దమ్మపేట సర్కారు దవాఖానాలో రక్తపరీక్షలు చేస్తాడు. అడవి ఊళ్ళ నుంచి జ్వరంతో వచ్చేవాళ్ళ రక్తంలో మలేరియా క్రిమిని స్తుతికి ఎనిమిదో ఏటే మైక్రోస్కోపులో చూపించాడు. యూనివర్సిటీ దరఖాస్తుతో పంపాల్సిన వ్యాసం ఆ పిల్ల దాని మీదే రాసింది. ఖమ్మంలో విదేశీ చదువుల కన్సల్టెన్సీ నడిపే షాలేమ్‌రాజు దాన్ని "కొంచెం సాపు చేసి" ఫారంతోపాటు తనే పంపాడు.

ఎబినేజర్ తలుపు చాటున నిలబడి విన్నాడు. అవతల మాట్లాడేది మిల్లర్ అనే అడ్మిషన్ల అధికారిణి. నెట్ బాగాలేదని ఆమె కెమెరా పెట్టలేదు. గొంతు మాత్రం అచ్చంగా అమెరికాదే.

"స్తుతీ, బీడీల కోసం అడవిలో తునికాకు కోస్తూ మీ నాన్న పాముకాటుకు పోయారని రాశావు. చాలా బాధనిపించింది," అందామె ఇంగ్లీషులో.

స్తుతికి పొలమారింది. దగ్గు ఆగలేదు. తండ్రి మనసు ఆగక మంచినీళ్ళ గ్లాసుతో పరుగెత్తాడు. చచ్చినవాడు లేచి రావడం బైబిల్లో ఉంది గానీ, మంచినీళ్ళు పట్టుకుని రావడం అందులోనూ లేదు.

"ఎవరాయన?"

స్తుతి తండ్రి ముఖంలోకి చూడలేకపోయింది. "మా... బాబాయి."

నిజం చెబితే రెండేళ్ళ కష్టం, పూర్తి స్కాలర్‌షిప్ ఆశ ఒక్కసారే పోతాయని ఎబినేజర్‌కూ అర్థమైంది. చేతులు కట్టుకుని కెమెరా ముందు నిలబడ్డాడు.

"పోయిన మీ అన్న ఎలాంటివారు?" అని మిల్లర్ ఆయన్నే అడిగింది.

"గుడ్ మాన్ మేడమ్," అన్నాడు. కాస్త ఆలోచించి, "వెరీ గుడ్ మాన్," అన్నాడు. తన మీద తనకే ఏడుపొచ్చింది.

"పాము ఎక్కడ కరిచింది?"

"లెగ్," అన్నాడు ఎబినేజర్.

"హ్యాండ్," అంది స్తుతి, అదే క్షణంలో.

"ఫస్ట్ లెగ్, దెన్ హ్యాండ్," అని ఎబినేజర్ సర్దాడు.

అప్పుడే లిదియా గుమ్మంలోకి వచ్చింది. "ప్రార్థన జల్దీ అయిపోయింది. ఏందయ్యా, గట్ల ఏడుస్తున్నవ్?"

"బాబాయికి ఏం కాలేదమ్మా, నువ్వు లోపలికి పో!" అంది స్తుతి.

"నాన్నను పట్టుకొని బాబాయంటవేందే? నీకేమన్న దయ్యం పట్టిందా?"



"దయ్యమేం కాదమ్మా," అంది మిల్లర్, చక్కటి తెలుగులో. "మాది మధిర. పెళ్ళయ్యాక పేరు మారింది గానీ భాష మారలేదు. తునికాకు కోస్తూ పోయిన తండ్రుల్లో ఈ వారం మీ ఆయన నాలుగో మనిషి. ముందు ముగ్గురూ ఇంటర్వ్యూలోనే టీ తాగుతూ కనిపించారు."

"తప్పు పిల్లది కాదు మేడమ్," అన్నాడు ఎబినేజర్. "అది రాసింది వేరే. నేను ల్యాబుల పన్జేస్త, ఆ సంగతి రాసింది."

స్తుతి తను రాసిన అసలు వ్యాసం తీసి చదివింది. మిల్లర్ చివరిదాకా విన్నది.

"ఇదే పంపి ఉంటే బాగుండేది. కానీ నేను చూడాల్సింది పంపిన కాగితాన్ని. పైగా బాబాయి అన్నది నువ్వే కదమ్మా," అంది.

ఇంటర్వ్యూ అయిపోగానే ఎబినేజర్ షాలేమ్‌రాజుకు ఫోన్ చేశాడు. "సార్, నన్నెందుకు చంపిన్రు?"

"నాయన బతికుంటే సీటెవరిస్తరన్నా? అయినా ఇంటర్వ్యూ టైముకు మీరు ఇంట్ల ఎందుకున్నరు?" అని అతనే కోప్పడ్డాడు.

మార్చిలో సీటు లేదని ఉత్తరం వచ్చింది. ఎబినేజర్‌ను పట్టి పీడించింది అది కాదు. స్తుతి ఇప్పుడు "నాన్నా" అని పిలిచేముందు ఒక్క క్షణం ఆగుతోంది. ఆ క్షణంలో ఆయన తల దించుకుంటున్నాడు.

ఏప్రిల్‌లో ఖమ్మం బస్టాండు ఎదుట షాలేమ్‌రాజు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అదే పాము వ్యాసంతో ఇంకో యూనివర్సిటీలో సీటు కొట్టిన వేంసూరు అమ్మాయి అందులో నవ్వుతోంది. పక్కన నిలబడ్డ వాళ్ళ నాన్న కూడా ఆరోగ్యంగానే ఉన్నాడు.