నడింట్లో బోనెట్

గురువారం పొద్దున్న ఇంట్లో పొయ్యి వెలగకూడదని త్రినాథ్ ముందు రోజే చెప్పేశాడు. ఇడ్లీలు హోటల్ నుంచి తెస్తానన్నాడు. నడింట్లో సామానంతా వీధిలోకి మోసి, గోడలు దులిపి, నేల కడిగి, ఎనిమిది గంటలకల్లా గది తనకు అప్పగించాలన్నాడు. ఎందుకని నీలవేణి అడగలేదు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయన శుభ్రత గురించి మాట్లాడడం అదే మొదటిసారి. కాబట్టి అది తన సుఖం కోసం కాదని మాత్రం ఆమెకు అర్థమైంది.

అది ఒక కారు బోనెట్ కోసం.

త్రినాథ్ సాలూరులో ఇరవై రెండేళ్లుగా లారీలకు రంగులు వేస్తున్నాడు. లారీ ఓనరు మెరుపు అడగడు. ఎండకూ వానకూ ఆగితే చాలంటాడు, వెనక తలుపు మీద రెండు నెమళ్లు వేస్తే మురిసిపోతాడు. కారు సంగతి వేరు. పది లారీల ఆసామి కొడుకు పృథ్వీరాజ్ బైపాసు రోడ్డు మీద కార్ల షెడ్డు కడుతున్నాడు. అందులో దుమ్ము చొరబడకుండా, ఫిల్టర్లు పెట్టి, అచ్చంగా రంగు కొట్టడానికే ఒక గది వస్తోంది. ఎండకు పొరలు లేచిపోయిన తన కారు బోనెట్ విప్పించి త్రినాథ్‌కు ఇచ్చి, "ఇది అద్దంలా తెచ్చి చూపించు త్రినాథూ, ఆ గది నీదే" అన్నాడతను.

ఆ మాట విన్నప్పటి నుంచి త్రినాథ్‌కు అన్నం సహించడం లేదు. లారీల యార్డులో ఒకసారి కొట్టాడు. రంగు బాగానే కూర్చుంది గాని, మెరుపు కోసం పైన కొట్టే క్లియర్ మాత్రం నారింజ తొక్కలా గుంటలు పడింది. అరగదీసి మళ్లీ కొట్టాడు. ఈసారి నున్నగానే వచ్చింది, సరిగ్గా అప్పుడే ఊక లోడు లారీ ఒకటి పక్కనుంచి వెళ్లింది. ఇక దుమ్ము లేని చోటంటే, కిటికీ లేని తన నడిల్లే అని తేల్చుకున్నాడు.

తల్లి గురమ్మకు ఆయాసం. రంగు వాసన పడదు. తెల్లవారగానే ఆమెను ఆటోలో ఊరి అవతల చివరనున్న పిన్ని కూతురు ధనలక్ష్మి ఇంట్లో దింపి వచ్చాడు. ఆమె మంచం కడిగి వీధిలో బోర్లించారు. పరుపూ దిండూ ఎండలో వేశారు. దుమ్ము లేవకుండా గడప దగ్గర నుంచి నేలంతా నీళ్లు చల్లారు. రెండు స్టూళ్ల మీద బోనెట్ పెట్టి, పైకప్పు పెచ్చులు రాలకుండా దాని పైన తెల్ల పంచె ఒకటి నాలుగు మూలలా కట్టాడు. పెరట్లో కంప్రెసర్ పెట్టి గొట్టం లోపలికి లాగాడు. మొదట పలచగా ఒక పూత, పది నిమిషాలు ఆగి నిండుగా ఇంకో పూత. జానెడు దూరం తగ్గకుండా, చెయ్యి వణక్కుండా, ఊపిరి బిగబట్టి కొట్టాడు. తొమ్మిదిన్నరకి అయిపోయింది. తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు.

"ఒలే, సాయంత్రం దాకా లోపలికెవులూ ఎల్లకూడదు. ఎవులైనా అడిగితే ఇవరాలు సెప్పకు. సెప్పినావంటే సూడ్డానికొస్తారు" అని నీలవేణిని వీధి అరుగు మీద కాపలా కూర్చోబెట్టి, రంగు కొట్టే గన్ కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లాడు.

రంగులో కలిపే థిన్నర్ ఘాటుకు నీలవేణి కళ్లు ఎర్రగా వాచి, నీళ్లు కారుతున్నాయి. ఎదురింటి సూర్యకాంతం పాలు తెచ్చుకుంటూ బోర్లించిన మంచం చూసింది. కడిగిన గడప చూసింది. వెలగని పొయ్యి సంగతి ఆమెకు పొద్దున్నే తెలుసు. మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"ఎప్పుడమ్మా?"

"ఇందాకే అప్పా, తొమ్మిదిన్నరకి అయిపోనాది."

"అయ్యో. శానా కట్టమయిందేటి?"

"కట్టం కాదేటి? ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ ఇంక బాగుపడిపోనాదనుకున్నాం. మల్లీ మొదటికొచ్చింది."

గురమ్మను రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లి తేవడం సూర్యకాంతానికి గుర్తే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొకం ఎలాగున్నాది?"

"అద్దమే అనుకో. మెరిసిపోతంది."

"పున్నెం సేసుకున్న మనిషి" అంటూ సూర్యకాంతం తలుపు సందులోంచి లోపలికి చూసింది. చీకట్లో పొడుగ్గా ఏదో పడుకుని ఉంది, పైన తెల్లగుడ్డ. రెండు చేతులూ జోడించి, పాలచెంబు అక్కడే మరిచిపోయి వెళ్లిపోయింది.

అరగంటలో వార్త సాలూరు దాటింది. గురమ్మ తమ్ముడు జగన్నాధం బొబ్బిలిలో ఉంటాడు. త్రినాథ్ పెళ్లిలో తనకు మొదటి బంతిలో ఆకు వెయ్యలేదని అలిగి, అక్క గడప తొక్కి పంతొమ్మిదేళ్లయింది. ఆయనకు కూడా ఎవరో ఫోన్ చేశారు. ఈ గొడవేదీ తెలియని త్రినాథ్ పెరట్లో గన్ రెండోసారి విప్పి గుడ్డతో తుడుస్తుండగా, పదకొండున్నరకి వీధిలో ఒక్కసారిగా ఏడుపులు మొదలయ్యాయి. పాపం ఎవరింట్లోనో ఏదో జరిగిందనుకున్నాడు. గోడ అవతల గబగబా వెళ్తున్న మనిషిని పిలిచి, "ఎవులు పోనారు బావు?" అని అడిగాడు.

"త్రినాథ్ గారి అమ్మంటండి" అన్నాడా మనిషి ముఖం చూడకుండానే.

త్రినాథ్ గన్ అక్కడే పడేశాడు. పొద్దున్న ఆటో ఎక్కుతూ, "ఈ ఆయాసంతో నన్నెక్కడికి తోలేస్తన్నావురా" అని అమ్మ అడిగిన మాట చెవుల్లో గింగురుమంది. ధనలక్ష్మికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. దాంతో మిగిలిన ఆశా పోయింది. చొక్కా కూడా వేసుకోకుండా పెరటి తలుపులోంచి బండి తీసుకుని పరుగెత్తాడు.

అరుగు మీద నీలవేణి పరిస్థితి ఇంకా దారుణం. నలుగురు ఆడవాళ్లు వచ్చి మెడ కావిలించుకుని, "అత్త పోనాదే తల్లీ" అని ఏడుస్తుంటే, కబురు ధనలక్ష్మి ఇంటి నుంచే వచ్చిందని ఆమె నమ్మేసింది. నమ్మి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఎక్కడో అనుమానం ఉన్నవాళ్లకు అది చూశాక అనుమానం తీరిపోయింది. కాపలా సంగతి ఎవరికి గుర్తుంటుంది?

అప్పుడు బొబ్బిలి ఆటో వచ్చి ఆగింది. జగన్నాధం చేతిలో బంతిపూల దండతో దిగాడు. అలిగిన మనిషి గనక అందరికంటే గట్టిగా ఏడవాల్సిన బాధ్యత ఆయన మీద ఉంది. "అప్పా, నాతో మాట్లాడకండా ఎల్లిపోనావేటే!" అని అరుస్తూ తలుపు తోసుకుని లోపలికి దూకాడు. బయట ఎండలోంచి వచ్చిన కళ్లకు లోపలేమీ ఆనలేదు. తడినేల మీద కాలు జారింది. పైన కట్టిన పంచెను లాక్కుంటూ, దండతో సహా, రెండు చేతులూ చాచి వెళ్లి బోనెట్ మీద పడ్డాడు.

క్లియర్ ఇంకా ఆరలేదు. జగన్నాధం లేవబోయి లేవలేకపోయాడు.

అదే సమయంలో ఊరి అవతలి చివర త్రినాథ్ ఏడుస్తూ ధనలక్ష్మి ఇంట్లోకి వెళ్లేసరికి, గురమ్మ టీవీ ముందు కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటోంది. వాళ్లు చూస్తున్న సీరియల్ చప్పుడులో ఫోన్ మోత వినపడలేదు. త్రినాథ్ ఆమె కాళ్లు పట్టుకుని భోరుమన్నాడు.

"ఏట్రా? బోనెట్టు పాడయిపోనాదేటి?" అంది గురమ్మ.

ఆ క్షణంలో అమ్మ బతికి ఉందన్న సంతోషం కంటే, తలుపు దగ్గర కాపలా ఎవరున్నారన్న భయమే ముందొచ్చింది త్రినాథ్‌కు. ఆ సంగతి అతనెప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. తల్లిని బండెక్కించుకుని ఇంటికి వచ్చాడు.

వీధిలో ముప్పై మంది ఉన్నారు. గురమ్మ బండి దిగేసరికి ఏడుపులు ఠక్కున ఆగాయి. ఎవరూ సంతోషించినట్టు కనిపించలేదు. పని మానుకుని వచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో వెనకనుంచి, "ఇంకా ఉన్నాదేటి?" అన్నారు. గురమ్మకు ఆయాసం ఉంది గాని చెవుడు లేదు.

లోపల నుంచి తమ్ముణ్ణి ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. చొక్కా ముందుభాగం బోనెట్‌కే ఉండిపోయింది. మీసంలో బంతి రేకులు అంటుకుని మెరుస్తున్నాయి.

"పది రోజులు ఊపిరాడక ఆసుపత్రిలో ఉంటే ఒక్కసారీ రానేదు" అంది గురమ్మ.

"సచ్చిపోనావన్నారు కాబట్టి వచ్చినాను. బతికుంటే నాను రానని నీకు తెల్దేటి?" అన్నాడు జగన్నాధం. వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్లిపోయాడు.

గురమ్మ వీధిలో బోర్లించిన తన మంచం వైపు చూసింది. తెరిచిన తలుపులోంచి, తన మంచం ఉండాల్సిన చోట స్టూళ్ల మీదున్న బోనెట్ వైపు చూసింది. కొడుకు అప్పటికే లోపలికి వెళ్లి, వంగి, రేకు మీది పూరేకుల్ని గోటితో గిల్లి చూసుకుంటున్నాడు.

"నీలవేణీ, నా దిండూ మందులూ ఇలా తే. ధనలచ్చిమి కాడే ఉంటాను" అంది.

"అదేటత్తా, సాయంత్రానికి మంచం ఏసేస్తాం కదా!"

"ఒద్దమ్మా. ఆ రేకుని పడుకోనీ."

త్రినాథ్ ఆపాలనుకున్నాడు. రెండు చేతులకూ క్లియర్ అంటుకుని ఉంది. చేతులు కడుక్కుని వచ్చేలోపు ఆమె ఇంకో ఆటో ఎక్కి వెళ్లిపోయింది. బోనెట్ పని తేలాక వెళ్లి బతిమాలుకుందాంలే అనుకున్నాడు.

ఆ పని తేలడానికి పదకొండు రోజులు పట్టింది. చొక్కా దారాలూ, పూరేకులూ, మేనమామ అరచేతి గుర్తులూ నీళ్లతో తడిపి రుద్దే వాటర్ పేపరుతో అరగదీశాడు. మళ్లీ రంగు, మళ్లీ క్లియర్. ఆరాక అన్నిటికంటే నున్నటి రెండు వేల నంబరు పేపరు తడిపి, వేళ్ల చివర్లు ఒరుసుకుపోయేదాకా రుద్దాడు. కాంపౌండు ముద్ద పెట్టి పాలిష్ పట్టాడు. చివరికి పన్నెండో రోజు పొద్దున్న బోనెట్ మీద వంగి చూస్తే, పైనున్న ట్యూబులైటు అందులో ఒక్క వంకర లేకుండా గీత గీసినట్టు కనిపించింది. నీలవేణి కూడా చూసింది. "బాగున్నాది మావా" అంది. ఆ పన్నెండు రోజుల్లో ఆమె అతనితో మాట్లాడిన పొడుగాటి వాక్యం అదే.

బోనెట్ దుప్పట్లో చుట్టి, ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి, బైపాసు షెడ్డులో తనే కారుకు బిగించాడు. పృథ్వీరాజ్ అరచేత్తో నిమిరి, "అబ్బ!" అన్నాడు. వెనకే, విశాఖపట్నం నుంచి పని మీద వచ్చిన మనిషి ఒకాయన ఉంటే పిలిచాడు. ఆయన కూడా నిమిరి, "సూపరండి. ఇంత నున్నగా ఉంటే ఎక్కడా బుడగ రాదు" అన్నాడు.

"బుడగేటి?" అన్నాడు త్రినాథ్.

ఆ మనిషి చంకలోని చుట్ట విప్పి, మెరుపన్నదే లేని నల్లటి స్టిక్కరు బోనెట్ మీద పరిచి, చిన్న బద్దతో మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ పోయాడు. పావుగంటలో బోనెట్ మాడిన పెనంలా తయారైంది.

"ఇప్పుడు మెరిసేవి ఎవరికీ నచ్చట్లేదు త్రినాథూ. మ్యాట్ అంటారు దీన్ని. కారంతా ఇదే వేయిస్తన్నాను" అన్నాడు పృథ్వీరాజ్.

"మరి ఆ రంగుల గది, బాబూ?"

"అందులో స్టిక్కర్లు పెట్టేశాం. దుమ్ము రాదు కదా, బాగా పనికొచ్చింది." త్రినాథ్ ముఖం చూసి అతనికి జాలేసినట్టుంది. భుజం తట్టాడు. "నీకు పని లేకుండా ఎందుకుంటాది? రంగులేస్తారా అని రోజూ ఎవడో ఒకడొచ్చి ప్రాణం తీస్తన్నాడు. గేటు పక్క గోడ మీద పెద్దక్షరాలతో రాసెయ్, 'ఇచ్చట పెయింటింగు పనులు చేయబడవు' అని."

త్రినాథ్ రాశాడు. అక్షరాలు మంచి నిగనిగలాడాయి.