ఆరుగురు కలిసి కొన్న కంప్యూటర్

తనకేం కావాలో తెలిసిన ఆడపిల్లను ఒంటరిగా దుకాణానికి పంపకండి! కావలసింది కొనుక్కుని నేరుగా ఇంటికొచ్చేస్తుంది. ఇక పెద్దల అనుభవమంతా ఏం కావాలి?

సలహాలిచ్చేవాళ్లను విసుక్కోవడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. ఎంత అన్యాయం! ఉచితంగా, అడక్కుండా, చెవులు మూసుకున్నా దొరికే వస్తువు ఈ రోజుల్లో ఇంకేముంది? నమ్మకం లేకపోతే ఎల్లారెడ్డి ఊళ్లో ఉండే అనిల సంగతి వినండి.

అనిల పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉంది. రెండేళ్లు వాడకట్టు పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో తన మొదటి గేమింగ్ కంప్యూటర్ కూర్చుకోవాలనుకుంది. క్లాసులోని మరో ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక ఆన్‌లైన్ పోటీకి పేరిచ్చింది కూడా. శనివారం మధ్యాహ్నం మొదటి ఆట. నలుగురూ ఎవరి కంప్యూటర్ మీద వాళ్లు ఒకేసారి ఆడాలి. గెలిస్తేనే పోటీలో ఉంటారు.

నెల్లాళ్లు వీడియోలు చూసింది. ధరలు పోల్చింది. కాగితం మీద లిస్టు రాసుకుంది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ అన్నీ తన స్తోమతకు తగ్గవే. క్యాబినెట్ అయితే ఉత్త రేకు డబ్బా. అలా మిగిల్చిందంతా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టింది. తెరమీద బొమ్మను పరుగెత్తించేది అదేనట. పొగరు చూశారా! ఇంట్లో ఇంతమంది ఉండగా ఒక్కతే కూర్చుని ఆలోచించేసింది!

అదృష్టం బాగుండి ఇంట్లోవాళ్లు మేలుకున్నారు. పెండ్లి బట్టలకు పోయినట్టు ఆరుగురు కామారెడ్డి బస్సెక్కారు. బాపు రామస్వామి, అమ్మ వనజ, నాయనమ్మ గౌరవ్వ సరేసరి. నాగిరెడ్డిపేట నుంచి పెద్దబాపు మైసన్న ఇందుకోసమే దిగాడు. కరెంటు విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. ఇప్పటికి మూడు బోరు మోటర్లు కాలబెట్టిన అనుభవం! సెల్ షాపు నడిపే బావ శ్రీకాంత్ కూడా వచ్చాడు. ఫోన్లకు అద్దాలు అంటించేవాడికి కంప్యూటర్ లోపలి సంగతి తెలియకుండా ఉంటుందా? అనిలను కూడా వెంట తీసుకెళ్లారు, పాపం.

"కంప్యూటర్ ఎవరికి సార్?" అన్నాడు దుకాణాయన.

"నాకే" అంది అనిల.

ఆయన తలూపి, శ్రీకాంత్ వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు.

మైసన్న లిస్టు అందుకున్నాడు. "గీ కార్డేంది, గింత పిరం? ముందుగాల మంచి స్టెబిలైజర్ కొనుండ్రి. ఓల్టేజీ ఎక్కువ తక్కువైతే అంత కాలిపోతది. నా మోటర్లు ఎట్ల వోయినయనుకున్నవ్?"

"కార్డు లేకుంటే ఆట నడువది పెద్దబాపూ."

"నడువకుంటే ఏమాయె బిడ్డా? కాలకుంటే సాలు!"

ఇంత సూటిగా ఆలోచించగలవాళ్లు జిల్లాకు ఎందరుంటారు?

శ్రీకాంత్ రేకు డబ్బాను వేలితో టంగుమనిపించాడు. "మరదలా, ఇంటికి నలుగురొస్తరు. గిది సూపిస్తవా? అద్దాలది తీస్కో. ఫ్యాన్లల్ల ఏడు రంగుల లైట్లు. లోపల ఏమున్నదో ఎవలు సూస్తరు?"

అద్దాల పెట్టె కొనమంటూనే లోపల ఎవరు చూస్తారని అడగాలంటే ఎంత మేధస్సు కావాలి!

"లైట్లున్నదే తీస్కోరి. ఇల్లంత ఎలుగుంటది" అని గౌరవ్వ తీర్పు చెప్పేసింది.

"కార్డుదేమున్నది, వచ్చే యాడాది సూద్దాం" అన్నాడు రామస్వామి. అనిల చేతిలోని డబ్బు తీసుకుని ఆయనే కట్టాడు. లిస్టులోంచి కార్డు పోయింది. దాని స్థానంలో బోరు మోటరును మోయగల స్టెబిలైజరూ, అద్దాల క్యాబినెట్టూ బస్సెక్కాయి.

ఇంటికి రాగానే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. స్విచ్చి వేస్తే పెండ్లిపందిరే! వాడకట్టంతా వచ్చి చూసింది. అందరూ సంతోషించారు. అందరూ అన్నాక ఒకరిద్దరు తక్కువైనా లెక్కలోకి రాదు.

శనివారం ఆట మొదలైంది. అనిల బొమ్మ ఒక అడుగు వేసింది. ఆగింది. బాగా ఆలోచించుకుని ఇంకో అడుగు వేసింది. "అనిలా, ముంగటికి రావే! అందరం సస్తున్నం!" అని హెడ్‌ఫోన్‌లో స్నేహితురాలు తార ఒకటే కేకలు. అనిల వేలు మీటల మీద తెల్లబడింది గాని బొమ్మ కదలలేదు. పావుగంటలో నలుగురూ పోటీ నుంచి బయటికొచ్చారు. తనతో కలిసి పేరిచ్చిన ముగ్గురిలో ఒక్కరూ ఆ సాయంత్రం ఫోన్ ఎత్తలేదు.

అయితే ఏం? ఒక్క వైరు కాలలేదు!

"ఆటే గద, గింతదానికి ఏడుస్తరా?" అని మైసన్న ఫోన్‌లోనే ఓదార్చాడు. ఓదార్పు కూడా ఉచితమే.

మరునాడు అనిల అన్న జీవన్ కొత్త మోటార్‌సైకిల్ మీద ఇంటికొచ్చాడు. డబ్బు బాపు ఇచ్చాడు. షోరూముకు వాడొక్కడే పోయాడు. మైలేజీ ఎంతో ఎవరూ అడగలేదు. ఆ బండే ఎందుకన్నది కూడా అడగలేదు.

"నల్లది మంచిగనిపించింది, తెచ్చిన" అన్నాడు జీవన్.

"అన్న ఎంట ఎవ్వలు వోలేదేందమ్మా?" అంది అనిల.

"ఊకో బిడ్డా" అంది వనజ, బండికి బొట్టు పెడుతూ. "మొగపిల్లగాడు. ఏం గావాల్నో గానికి దెల్వదా?"

పాపం జీవన్! అంత పెద్ద కుటుంబంలో పుట్టి ఒక్క సలహాకు నోచుకోలేదు. ఎల్లారెడ్డి వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఆ పిల్లవాడికీ ఒక మంచిమాట చెప్పి రండి. వినడనుకోండి. వినకపోయినా వాణ్ని ఎవరూ ఏమీ అనరు.