సుదర్శన్ స్టూడియోలో నీలి పోర్టులు

ఆ ఉదయం సుదర్శన్ వేసుకున్న పథకం చిన్నదే. చాయ్ తాగడం, పాత కంప్యూటర్ మూత విప్పి కొత్త కార్డు బిగించడం, రాకేశ్ పెళ్లి వీడియోను అతని హార్డ్ డిస్కులోకి ఎక్కించడం. ఆపైన, పని ఎప్పుడో అయిపోయినవాడిలా పేపరు చదువుతూ కూర్చోవడం. ఈ చివరి సంగతి గురించే అతను ఎక్కువసేపు ఆలోచించాడు. రాకేశ్ వాళ్లు లోపలికి వచ్చినప్పుడు ఏ పేజీ చదువుతూ కనబడాలో కూడా నిర్ణయించుకున్నాడు.

కోరుట్లలో అతని స్టూడియోకు మంచి బోర్డే ఉంది. కానీ ఊళ్లో దాన్ని 'నిమ్మళం సుదర్శన్ దుకాణం' అంటారు. అతను తీసిన పెళ్లి వీడియో చేతికి అందేసరికి ఆ దంపతులు బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయిస్తుంటారని ఒక మాట ప్రచారంలో ఉంది. ఆ మాట పుట్టించినది అతని భార్య పద్మజే.

ముందురోజు సాయంత్రం ఇబ్రహీంపట్నం నుంచి రాకేశ్ వచ్చి హార్డ్ డిస్కు ఇచ్చాడు. పెళ్లయి నెల కూడా కాలేదు, మర్నాడు రాత్రి మస్కట్ విమానం. వెంట వచ్చిన తండ్రి దేవయ్య గుమ్మంలోనే నిలబడి, "పెళ్లి వీడియో చేతికి రాంది బస్సెక్కనంటున్నడు తమ్మీ. జెర జల్ది చెయ్యి" అన్నాడు.

రాకేశ్ మాత్రం నవ్వాడు. "నిమ్మళంగనే కానియ్యన్నా. తొందరేం లేదు."

ఆ నవ్వు సుదర్శన్‌కు గుచ్చుకుంది. రాత్రే కంప్యూటర్ పాత యూఎస్‌బీ పోర్టుకు డిస్కు తగిలించి పడుకుంటే తెల్లారేసరికి పని అయిపోయేది. అది అతనికి తెలుసు. కానీ అలా అయితే తాను నిమ్మళం సుదర్శన్‌గానే మిగిలిపోతాడు. అతనికి కావలసింది పని కావడం కాదు, వాళ్ల కళ్ల ముందు వేగంగా కావడం. అందుకే కరీంనగర్ నుంచి తెప్పించి ఉంచిన కార్డును బయటికి తీశాడు. చిన్న పచ్చ రేకు, దాని అంచున నీలిరంగు పోర్టులు. వాటితో పనులు పాతవాటికన్నా ఎన్నో రెట్లు వేగంగా జరుగుతాయని డబ్బా మీద రాసి ఉంది. అలాంటి హామీ అతని గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఉదయం కంప్యూటర్ మూత తీశాడో లేదో పద్మజ వచ్చింది.

"ఆగు. కొత్త సామాను బొట్టు పెట్టకుంట పెడతరా?"

కొత్త బండికైనా కుట్టుమిషనుకైనా ఆ ఇంట్లో ముందు పసుపు కుంకుమ పడాల్సిందే. ఆమె తడి పసుపుతో వేలు ముంచి, కార్డులో అన్నిటికన్నా అందంగా కనిపించిన చోట, అంటే బంగారు గీతలు వరుసగా ఉన్న అంచు మీద, నిండుగా రాసింది. నడుమ కుంకుమ అద్దింది. ఆ అంచే కంప్యూటర్ గాడిలోకి దిగాల్సినది. సుదర్శన్ చూశాడు. అక్కడ కాదని చెబుదామని నోరు కూడా తెరిచాడు. చెబితే మాట పెరుగుతుంది. ఈ ఇంట్లో పెరిగిన మాట సాయంత్రానికి గానీ తగ్గదు. బొట్టు తుడిస్తే అసలు తగ్గదు. అతను నోరు మూసుకుని కార్డును గాడిలోకి నొక్కేశాడు.

స్విచ్చి వేస్తే ఫ్యాను ఒకసారి కదిలి ఆగిపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. భయపడి కార్డు బయటికి లాగేశాడు. అయినా అంతే.

జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే ఫరూఖ్‌కు ఫోన్ చేశాడు.

"ర్యామ్ పీకి రబ్బరుతోని రుద్దు భాయ్" అన్నాడు ఫరూఖ్. రుద్దాడు. "ఇంకా జెర గట్టిగ రుద్దు." రుద్దాడు. "అయితే పవర్ సప్లై కొట్టేసింది. పట్కరా."

రాకేశ్‌కు కూడా ఫోన్ చేయక తప్పలేదు. వీడియో జగిత్యాలలోనే ఇస్తానన్నాడు.

"రిపేరంటే టైం పడతది గదన్నా" అన్నాడు రాకేశ్. గొంతులో హుషారు దాగడం లేదు. "సాయంత్రమైనా మంచిదే."

సుదర్శన్ ఫోన్ పెట్టేసి కంప్యూటర్ తీగలు ఊడదీశాడు. ఇంత చల్లగా వెక్కిరించేవాడిని అతను ఇంతకు ముందు చూడలేదు.

కంప్యూటర్ పెట్టెను దుప్పటిలో చుట్టారు. పద్మజ స్కూటర్ వెనుక కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుంది. కంప్యూటర్ ఆగిపోయినప్పటి నుంచీ ఆమె అతనితో మాట్లాడలేదు, మొహం గంటు పెట్టుకునే ఉంది. ఎదురింటి బాలలక్ష్మి ఆ మొహాన్నీ ఆ మూటనూ చూసి, తనకు తోచిన అర్థం తాను చేసుకుని ఫోన్ తీసింది. ఊరు దాటక ముందే సిరిసిల్ల నుంచి పద్మజ అన్న జలపతి ఫోన్ వచ్చింది. వెనుక మరమగ్గాల చప్పుడు, దాన్ని మించి అతని గొంతు.

"చెల్లె, మూట సదురుకోని అస్తున్నవట గదా. ఏమన్నడు బావ?"

"ఏమనలే అన్నా."

"కొట్టిండా?"

"ఏమన్నా అంటె గద అన్నా, ఒక మనిషి ఇంట్ల ఉన్నట్టు తెలుస్తది. ఏమనడు."

స్కూటర్ నడుపుతున్న సుదర్శన్‌కు ఆ మాట స్పష్టంగా వినబడింది. జవాబు కూడా తోచింది. కానీ అప్పటికే చాలా దూరం వచ్చేశారు.

"నువ్వు రా బిడ్డ, తర్వాత మాట్లాడుదాం" అంటున్నాడు జలపతి.

"కంప్యూటర్ పట్టుకోని యాడికస్త? జగిత్యాల పోతున్న" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఫరూఖ్ పవర్ సప్లై మార్చాడు. కదలలేదు. ర్యామ్ మార్చాడు. కదలలేదు. బోర్డు మీదికి వంగి చాలాసేపు చూసి, చావు కబురు చెప్పే గొంతుతో, "మదర్‌బోర్డు పోయింది భాయ్. గీ మోడల్ ఇప్పుడు యాడ దొర్కదు" అన్నాడు.

సుదర్శన్ స్టూలు మీద కూలబడ్డాడు. కారణం ఏమై ఉంటుందో అతని మనసులో ఒక మూల ఉదయం నుంచీ తెలుసు. ఆ మూలకు వెళ్లలేక అతను జగిత్యాల దాకా వచ్చాడు.

పద్మజ వంగి చూసింది. "అరె. నా బొట్టు గాడ అంటుకున్నట్టుందే?"

ఫరూఖ్ అద్దాలు సర్దుకున్నాడు. "పసుపా గిది? నేను మొదలే చూసిన వదినా. కంపెనీ వాళ్లు పెట్టిన గమ్ము అనుకున్న."

"నువ్వు చూస్తనే ఉన్నవ్ గదా నేను పెడుతుంటె" అంది పద్మజ భర్త వైపు తిరిగి. "ఒక్క మాట అనకపోతివి?"

పళ్ల బ్రష్షుతో, స్పిరిటుతో ఫరూఖ్ ఆ గాడిని కడిగాడు. సుదర్శన్ జేబులోంచి తీసిచ్చిన కార్డు అంచును తుడిచి మళ్లీ బిగించాడు. ఈసారి ఫ్యాను తిరిగింది, తిరుగుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే దేవయ్య, రాకేశ్ ఆటో దిగారు. సామాను అంతా వెంట ఉంది.

"కాలేదా అన్నా?" అన్నాడు రాకేశ్. "కాకుంటె ఉండనియ్. మేం కూసుంటం."

సుదర్శన్ తెరను వాళ్లకు కనిపించేలా తిప్పాడు. హార్డ్ డిస్కును నీలి పోర్టుకు తగిలించాడు. తెర మీద పచ్చగీత పరుగెత్తింది. అతను జీవితంలో ఏ పనీ అలా పరుగెత్తడం చూడలేదు. ఫరూఖ్ చప్పట్లు కొట్టాడు. చాయ్ చెప్పారు గానీ, చాయ్ వచ్చేలోపే పని అయిపోయింది.

"గింత జల్దియా?" అన్నాడు రాకేశ్. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "మొత్తం అచ్చిందో లేదో ఇంకోపారి చూడన్నా. మొదటి సంది చూడు."

"అంతా వచ్చింది. చూసిన." సుదర్శన్ డిస్కును అతని చేతిలో పెట్టాడు. ఉదయం అనుకున్న పేపరు లేదు గానీ, మిగతాదంతా అనుకున్నట్టే జరిగింది.

బస్టాండు దగ్గరే. దేవయ్య సూట్‌కేసు పట్టుకుని ముందు నడిచాడు. రాకేశ్ వెనకబడి సుదర్శన్ పక్కకు వచ్చాడు.

"అన్నా, ఇబ్రహీంపట్నంల సుత ఫొటోగ్రాఫర్లున్నరు. మా నాయిన వాళ్లకే చెప్తనన్నడు. నేనే పట్టువట్టి నిన్ను పెట్టిచ్చిన. ఎందుకో ఎరుకేనా?"

సుదర్శన్ మనసు ఒక్క క్షణం పొంగింది. "ఎందుకు?"

"నీతోని టైముకు కాదని అందరన్నరు." రాకేశ్ డిస్కును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఇయ్యాల విమానం తప్పితే వీసా మురిగిపోతుండె. పోనని నాయినకు చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వు చూసుకుంటవనుకున్న. మా ఆమె సుమలతకు సుత గదే చెప్పిన, ఇడిసిపెట్టి పోనని."

ఏదో ఒకటి అనాలి. సుదర్శన్ వెతుకుతుండగానే హైదరాబాద్ బస్సు వచ్చింది. రాకేశ్ ఎక్కాడు. కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు.

బస్సు కదిలి, మలుపు తిరిగి, కనుమరుగయ్యాక దేవయ్య తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని సుదర్శన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తమ్మీ, ఊళ్లె అందరికి చెప్త. నువ్వు లేకుంటె మావోడు ఇయ్యాల పోకపోయెటోడు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు.