మూడు టూల్స్, ఒక్క గంగారాం కాక

పనిముట్టు తేలేదాక పని ముట్టొద్దు! ఈ మాట పెద్ద అక్షరాలతోని రాయించి ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసు గుమ్మానికి కట్టాలె. పనిదేముంది అయ్యలారా, ఎవరన్న చేస్తరు! ఏ టూల్‌తోని చేయాల్నో తేల్చుకునుడు ఉన్నదే, అదీ అసలు తపస్సు. నమ్మకపోతే కోరుట్ల బస్టాండు ఎదురుంగ, టైలర్ దుకాణం మీది అంతస్తుల ఉన్న అఫ్సర్ ఆఫీసుకు పోయి చూడుండ్రి.

అఫ్సర్‌కు ముప్పై రెండేండ్లు, రెండు గదులు, సతీశ్, మెహ్రీన్ అని ఇద్దరు ఉద్యోగులు. జగిత్యాలల మామిడి మండి నడిపే బుచ్చయ్య సేటు అతనికి ఒక యాప్ చేసే పని అప్పజెప్పిండు. రైతు ఫోన్ల నొక్కితే టోకెన్ రావాలె. టోకెన్ ఉన్న రోజే కాయతోని మండి గేటు దాటాలె. ఎండల లైన్ కట్టుడు బంద్!

యాప్ అడిగిన మాట మండి కంప్యూటర్‌కు, కంప్యూటర్ చెప్పిన జవాబు యాప్‌కు మోసేదాన్ని ఏపీఐ అంటరు. పెండ్లిళ్ల పేరయ్య అనుకోండ్రి. ఈ పేరయ్య మాటలు సక్కగ మోస్తున్నడా లేదా అని ఉత్తుత్తి ప్రశ్నలు వేసి చూసేటందుకే టూల్స్. ఒకటా రెండా! అసలు పేర్లు చెప్తే అభిమానులు కొట్టుకుంటరు గనుక మనమే ముద్దుపేర్లు పెట్టుకుందాం.

అఫ్సర్‌కు ‘పావురం’ అంటే పానం. రంగులు, బొమ్మలు మస్తుంటయి. సిరిసిల్ల సతీశ్‌ది ‘దండోరా’. బట్ట నేసే సాంచెల మోతల పుట్టి పెరిగినోడు, గుసగుస చెప్పినా కింద టైలర్ సూది జారవిడుస్తడు. మెహ్రీన్‌ది ‘నల్లకిటికీ’. బొమ్మ లేదు, బటన్ లేదు, నల్లతెర మీద ఒక్క లైను కొట్టుడే.

“భాయ్, నీ పావురం లేచేసరికి చాయ్ చల్లారుతది. దండోరా పెట్టు!”

“నీ నోరుండంగ మల్ల దండోరా ఎందుకు సతీశూ?”

ఎంచుకునుడంటే ఆషామాషీనా? ఎద్దును కొంటే పండ్లు పట్టి చూడమా? ఒక్కొక్క టూల్‌కు ఒక్కొక్క వారం పరీక్ష పెట్టిండ్రు. పరీక్షకు ఒక రైతు నంబర్ కావాలె. పెగడపల్లి గంగారాం కాక, అఫ్సర్ నాయినకు దోస్తు, “నాది పెట్టుకో కొడుకా” అన్నడు. పెట్టుకున్నరు.

మొదటి వారం పావురం ఎగిరింది. గంగారాం ఫోన్ టింగుమన్నది. ‘మీ టోకెన్ ఖరారైంది. రేపు ఉదయం ఆరు గంటలకు కాయలతో రండి.’ ఎంత సక్కటి తెలుగు! ఎంత సక్కటి పనితనం! గంగారాం, ఆయన భార్య సాయవ్వ కూలోళ్లను పిలిచి కాయ తెంపించి, ట్రాలీ ఆటో నింపి, జగిత్యాల మండి గేటు ముంగట నిలబడ్డరు. గేటుకు తాళం. సీజనే మొదలు గాలేదు!

“అది టెస్టింగ్ కాకా,” అన్నడు అఫ్సర్ ఫోన్ల.

“గదేంది కొడుకా, రమ్మని రాసుండె గదా?”

“రమ్మని రాసినా గని, రమ్మని కాదు.”

రెండో వారం దండోరా. ఒక టూల్ల నింపిన వివరాలన్నీ ఇంకో టూల్లకు చిటికెల మోసుకపోవచ్చు. సైన్సు ఎంత ఎదిగింది! గంగారాం నంబర్ కూడ గట్లనే మోసుకచ్చింది. మొన్నటిది టెస్టింగు, ఇది నిజమేమో అనుకొని గంగారాం మల్ల వచ్చిండు. మూడో వారం నల్లకిటికీ. మల్ల వచ్చిండు! మండికెల్లి మర్లిన కాయతోని సాయవ్వ తొక్కు నూరింది, ఒరుగులు ఎండబెట్టింది, పప్పుల వేసింది, చారు కాచింది. చుట్టాలు ఆ ఇంటి దిక్కు వచ్చుడే బంద్ చేసిండ్రు.

మెహ్రీన్ ఒక్కతే నోరు తెరిచింది. “భాయ్, శాంపిల్‌కు నీ నంబర్ పెడుదామా?”

“నాదా? ఊకె టింగు టింగుమంటే నాకు పరేషాన్ గాదా!”

న్యాయమే గదా! మూడు టూల్సూ ఒకే మెసేజ్ పంపినయి, మూడుసార్లూ గంగారాం వచ్చిండు. ఇంతకన్న ఏం రుజువు కావాలె? అయినా ఏది గొప్పదో తేలలేదు.

నాలుగో వారం సీజన్ మొదలైంది, యాప్ మొదలైంది. మొదటి అసలు టోకెన్ ఎవరికి? గంగారాంకే, అఫ్సరే నొక్కి ఇప్పించిండు! టోకెన్ రోజు సాయంత్రం ఐదుదాక గడువు. పగటాల్ల, అన్నం యాళ్లకు, బుచ్చయ్య సేటు ఫోన్ చేసిండు. “అందరొచ్చిండ్రు, నీ గంగారాం ఏడి?” ఇయ్యాల తప్పితే మల్ల వంతు పన్నెండు రోజులకు. పచ్చికాయ ఉంటేనే దూరపు లారీ ఎక్కుతది. అప్పటికి తోటంతా పండి రాలుతది.

అఫ్సర్ ఫోన్ చేస్తే గంగారాం ఎత్తలేదు. బండి తీసి పెగడపల్లికి ఉరికిండు.

తోటల గంగారాం మంచం మీద కాళ్లు చాపుకొని ఉన్నడు. ఫోన్ చూపించి నవ్విండు. “ఇది ఎన్నో టెస్టింగు కొడుకా?”

“ఇది నిజం కాకా! అల్లా కసం!”

“మూడుసార్లూ అక్షరం పొల్లుపోకుండ గిదే రాసుండె. నిజందానికి కొమ్ములుంటయా?”

సాయవ్వ లేచింది. కాయ తెంపే చిక్కం తెచ్చి అతని చేతుల పెట్టింది. “నిజమైతే నువ్వే తెంపు. ఉత్తదైతే నీ రెక్కలకే తెలుస్తది.”

అఫ్సర్ చెట్టెక్కిండు. సొన మోచేతి దాక కారి మంట పుట్టింది. గప్పుడే సతీశ్ ఫోన్. “భాయ్! కొత్త టూల్ దొరికింది. నెట్ లేకున్నా నడుస్తది!”

“నాకూ ఒకటి దొరికింది సతీశూ. పొడువు కట్టె, చివరికి నెట్ గూడ ఉంది! మెహ్రీన్‌ను తీసుకొని జల్ది రా. టెస్టింగ్ ఉంది!”

ముగ్గురూ తెంపిండ్రు, గంగారాం మంచం మీదికెల్లి కొమ్మ కొమ్మ చూపించిండు. ఐదింటికి పది నిమిషాలుండంగ ట్రాలీ గేటు దాటింది.

ఇంతకు ఏ టూల్ గెలిచిందంటరా? అఫ్సర్‌కే యాదికి లేదు. ఏది ముందుగాల కనపడితే అది తెరుస్తున్నరు. శాంపిల్ నంబర్ మాత్రం అడిగి చూడుండ్రి, పది అంకెలు గుక్క తిప్పుకోకుండ చెప్తడు. ఇప్పుడది తన సొంతదే!