మద్దిగట్టు తండాలో గుక్క సమరం

ఏప్రిల్ ఆఖరి ఆదివారం, పగలు పన్నెండు దాటాక, మద్దిగట్టు తండా కమ్యూనిటీ హాలులో సాయికిరణ్ అనే యువకుడు నోట్లో ఉన్న టీని మింగాడు.

జరిగింది ఇంతే. ఇంతకంటే చిన్న సంగతులకు రాజ్యాలు పోయిన దాఖలాలు ఉన్నాయి కాబట్టి దీన్ని మొదటినుంచి చెప్పడం న్యాయం.

గోదావరిలో నీటికంటే ఇసుక ఎక్కువగా కనపడే కాలమది. తునికాకు కోతకు తండాలు తెల్లవారకముందే ఖాళీ అయి, ఎండెక్కేసరికి మళ్లీ నిండే కాలం. తూర్పున అడవి, పడమరన జామాయిలు తోట, ఉత్తరాన ధ్వజస్తంభంగా సారపాక పేపరు మిల్లు పొగగొట్టం. ఆ మూడింటి నడుమ మద్దిగట్టు తండా, తండా నడుమ కమ్యూనిటీ హాలు, హాలులో రెండు ఫ్యాన్లు, రెండింటిలో తిరిగేది ఒకటి. తిరిగే ఫ్యాను కింద ఒక బల్ల. మహాసంగ్రామాలకు మైదానాలు కావాలంటారు. ఈ సంగ్రామానికి బల్ల సరిపోయింది.

యుద్ధకారణం చాక్లెట్ వాసన వచ్చే టీ. సత్తుపల్లి వైపు కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతరపంటగా కోకో వేస్తారు. అక్కడి రైతు బసవపున్నయ్య గింజల పొట్టు తీసే యంత్రం పెట్టాడు. పప్పు చాక్లెట్ చేసేవాళ్లకు వెళ్లేది. పొట్టు కొబ్బరి చెట్ల మొదళ్లలోకి వెళ్లేది. ఆ పొట్టును వేయించి మరిగిస్తే పట్నంవాళ్లు తాగుతారని ఒక శిక్షణ తరగతిలో ఎవరో చెప్పారు. తండా మహిళా సంఘం అధ్యక్షురాలు ఉషారాణి నమ్మింది. బసవపున్నయ్య నమ్మలేదు గానీ పొట్టు ఇచ్చాడు.

వేయించేది ఉషారాణి అత్త పూలి. మూడు రాళ్ల పొయ్యి మీద మట్టి మంగలం పెట్టి, పొట్టు పోసి, చీపురు పుల్లల కట్టతో కలియబెట్టి, వాసన మారగానే దించుతుంది. ఉషారాణి వేయిస్తే రెండుసార్లు మాడింది. సంఘంలో మిగతావాళ్లు ఆ ప్రయత్నం చేయలేదు. అందుచేత మద్దిగట్టు సామ్రాజ్యం మొత్తం ఒక మంగలం మీద, ఆ మంగలం పూలి చేతి మీద నిలబడి ఉంది.

వచ్చినవాడు సాయికిరణ్. బసవపున్నయ్య కొడుకు. నీలగిరి కొండల్లోని కూనూరులో టీ రుచి చూడడం నేర్చుకున్నాడు. అదొక చదువని మొదట తండ్రి కూడా నమ్మలేదు. హైదరాబాదులో ఒక కంపెనీ అతణ్ని పంపింది. అతను బాగుందంటే ఆర్డరు, బాగాలేదంటే పొట్టు మళ్లీ కొబ్బరి చెట్లకు. తండావాళ్లకు తెలిసినవాడు కనుక బసవపున్నయ్య కూడా కొడుకు వెంట వచ్చాడు.

రథం దిగిన సాయికిరణ్, అనగా బొలేరో దిగిన సాయికిరణ్, తెల్ల ఏప్రన్ కవచం తొడిగి, స్టీలు చెంచా ఆయుధం దాల్చి, బల్ల పక్కన ఒక బకెట్టు పెట్టాడు. ఆ బకెట్టు ఎందుకో తండాలో ఎవరికీ తెలియదు. చేతులు కడుక్కోవడానికని కేస్లీ అనుకుంది. కేస్లీ పూలి పొరుగింటావిడ. అనుకున్నది పైకి అనే అలవాటు ఆమెకు ఉంది.

బల్ల మీద ఆరు కప్పులు బారులు తీరాయి. అన్నింటిలో కోకో పొట్టు ఉంది. దానికి తోడు ఒకదానిలో అల్లం, ఒకదానిలో తులసి, ఒకదానిలో నిమ్మగడ్డి, ఒకదానిలో తంగేడు పువ్వు, ఒకదానిలో మిరియం, చివరిదానిలో ఇప్పపువ్వు. ఆరో కప్పు పూలి సొంత ఆలోచన. దాన్ని ఆమె బల్ల చివర, తన వైపు పెట్టుకుంది.

సాయికిరణ్ మొదటి కప్పులో చెంచా ముంచి, పెదాల దగ్గరకు తెచ్చి పీల్చాడు. సుర్రుమన్న ఆ శబ్దం, శంఖం లేని లోటు తీరుస్తూ, కిటికీ దాటి బయట మేస్తున్న మేకల చెవిన పడింది. అవి తలెత్తాయి. సాయికిరణ్ కళ్లు మూసుకున్నాడు. బుగ్గలు ఆ పక్కకీ ఈ పక్కకీ కదిలాయి. తర్వాత వంగి, టీని బకెట్టులో ఉమ్మాడు.

హాలులో అందరూ బకెట్టులోకి తొంగిచూశారు.

"పడలేదా బాబూ?" అంది ఉషారాణి.

"అలా ఏం లేదండీ. ముందు డార్క్ కోకో తగులుతోంది. మధ్యలో తడిసిన మట్టి. చివర్లో కొంచెం లెదర్."

"లెదర్ అంటే ఏంది?" అంది కేస్లీ.

"తోలు."

"మా టీల తోలు ఎవలేసిండ్రు?"

"పొట్టు రెండుమాట్ల చెరిగిన," అంది పూలి. "మట్టి యాడికెళ్లి వస్తది?"

మట్టి, తోలు, తడిసిన కలప అనేవి కూనూరు శాస్త్రంలో ప్రశంసలనీ, మింగితే నాలుక చెడుతుంది కనుక ఉమ్మడమే పద్ధతనీ సాయికిరణ్ వివరించాడు. వివరణ విన్న తర్వాత తండా మహిళలకు అనుమానం బలపడింది.

ఈ చర్చ నడుస్తుండగా బసవపున్నయ్య మొదటి కప్పు తీసుకుని, మూడు చెంచాల చక్కెర వేసుకుని, పాలు లేవా అని అడిగి, లేవని తెలుసుకుని, తాగేశాడు. ఆ రోజంతా ఆయన అనుసరించిన యుద్ధనీతి అదే. కొడుకు ఉమ్మిన ప్రతి కప్పునూ తండ్రి తాగాడు.

రెండో కప్పు. సుర్రు. బకెట్టు. మూడో కప్పు. సుర్రు. బకెట్టు.

పూలి లేచింది.

"ఏమే ఉషా, గా పిలగాడు మన ఇంటికొచ్చి మనం పోసింది మన ముంగటనే ఉమ్ముతుండు. నువ్వు ఏమనవా?"

"అత్తా, జెర కూసో. ఆయన పనే గది. మింగితే నాలుక చెడుతదంట."

"నా టీతోని నాలుక చెడుతదా?"

"నీ టీ అనే కాదు. ఎవలదైనా గంతే."

"అంటే ఊరూరూ తిరిగి ఉమ్మొస్తడా? దానికి జీతమిస్తరా?"

"అవ్ అత్తా."

తండాలో ఇంటికి వచ్చినవాడు ఇచ్చింది తాగకపోతే కోపమొచ్చిందనుకుంటారు. తాగి ఉమ్మినవాడు అంతకుముందు రాలేదు కనుక ఏమనుకోవాలో ఎవరికీ తెలియలేదు. పూలికి తెలిసింది. ఆమె హాలు మూలనున్న పొయ్యి దగ్గరకు వెళ్లి, మంగలాన్ని రెండు చేతులా ఎత్తింది. చక్రమెత్తినవాణ్ని చక్రపాణి అన్నట్టు ఇక్కడినుంచి ఆమెను మంగలపాణి అనాలి. మంగలపాణి పూలి, తిరిగే ఫ్యాను కిందికి వచ్చి, సభనుద్దేశించి ఇలా పలికింది.

"ఇనుండ్రి. నేను అరవై ఏండ్లదాన్ని. పోలీసులొచ్చిండ్రు, నా చేతి నీళ్లు తాగిండ్రు. ఫారెస్టోళ్లొచ్చిండ్రు, పోడు భూమి గుంజుకుంటమని తిట్టుకుంటనే తాగిండ్రు. అప్పు వసూలుకొచ్చినోడు గూడ గిలాస ఖాళీ చేసే పోయిండు. ఉమ్మినోడు లేడు. గీ ఆరో కప్పుల ఒక్క గుక్క గీ పిలగాని గొంతు దిగాలె. దిగకుంటే గీ మంగలం గీడనే పగలగొడత. మళ్ల పొయ్యి రాజేస్తే నన్ను పూలి అనకుండ్రి."

ఉషారాణి ముఖం వాడింది. పూలి మాట ఇచ్చాక వెనక్కి తీసుకున్న సందర్భం కోడలిగా ఆమె చూడలేదు. మంగలం పగిలితే వేయించే చెయ్యి పోతుంది. చెయ్యి పోతే ఆరు రకాలూ పోతాయి. ఆర్డరు వస్తుందన్న ధీమాతో సంఘం అప్పుడే పువ్వులు ఎండబెట్టే షెడ్డు వేసుకుంది.

"బాబూ," అంది ఉషారాణి నెమ్మదిగా, "ఒక్కటంటే ఒక్క గుక్క."

సాయికిరణ్ చెంచా దించి నిలబడ్డాడు. అతనికీ ఒక వ్రతం ఉంది. కూనూరు కొండల మీద, గురువు సమక్షంలో, పని మీద ఉన్నంతసేపు నోటిలో పడిన ఏ ద్రవాన్నీ కంఠసీమ దాటనివ్వనని మాట ఇచ్చాడు. పూర్వం ఏకపత్నీవ్రతులు, మౌనవ్రతులు ఉండేవారు. ఇతను నిష్ఠీవనవ్రతుడు. నిష్ఠీవనమంటే ఉమ్మడం.

"అమ్మా, మీరు ఏమీ అనుకోవద్దు," అన్నాడు నిష్ఠీవనవ్రతుడు. "టేస్టర్ మింగితే తర్వాతి కప్పుకు న్యాయం జరగదు. అస్సాంలో ఉమ్మాను, డార్జిలింగులో ఉమ్మాను, మా సార్ సొంత తోట టీ కూడా ఉమ్మాను. మీకోసం రూలు మారిస్తే మిగతావాళ్లందరికీ అన్యాయం చేసినట్టు."

"ఒరేయ్ సాయీ," అన్నాడు బసవపున్నయ్య, "ఇంట్లో మీ అమ్మ ఇచ్చిన కాఫీ కూడా ఉమ్ముతున్నావా?"

"అది వేరు నాన్నా."

"ఏం వేరు?"

"అక్కడ నేను డ్యూటీలో లేను."

"మింగరా. చచ్చిపోవులే."

"నాన్నా, ఇది ప్రోటోకాల్."

బసవపున్నయ్య తులసి కప్పు తీసుకుని చక్కెర డబ్బా కోసం చూశాడు.

ఇద్దరి ప్రతిజ్ఞలూ బల్లకు రెండు వైపులా నిలబడ్డాయి. నాలుగో కప్పు తంగేడుది. సుర్రు, బకెట్టు. "ఫ్లోరల్," అన్నాడు సాయికిరణ్. పువ్వేస్తే పువ్వు వాసన రాక ఏమొస్తదని కేస్లీ అడిగింది. ఐదో కప్పు మిరియంది. సుర్రు. బుగ్గలు కదిలాయి. మిరియం ఘాటుకు సాయికిరణ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. బకెట్టు. పూలి మంగలం దించలేదు.

ఇక్కడ బసవపున్నయ్య ఒక పని చేశాడు. వంగి బకెట్టు అందుకున్నాడు. "మనవాడి ఎంగిలి మనమే పారబోయాలి," అని గొణిగి, బయట బొప్పాయి చెట్టు మొదట్లో పోయడానికి తీసుకెళ్లాడు. ఆ సమయంలో సాయికిరణ్ ఫోనులో ఐదో కప్పు గురించి రాసుకుంటున్నాడు. బకెట్టు వెళ్లడం అతను చూడలేదు.

ఆరో కప్పు. ఇప్పపువ్వు. మంగలాన్ని ఒక చేత్తో నెత్తి దగ్గర పట్టుకుని, రెండో చేత్తో కప్పును పూలే అతని ముందుకు జరిపింది. సాయికిరణ్ చెంచా ముంచి పీల్చాడు. నోరు నిండింది. కళ్లు మూశాడు, బుగ్గలు తిప్పాడు, కళ్లు తెరిచి పక్కకు వంగాడు.

బకెట్టు లేదు.

కిటికీ వైపు చూశాడు. కిటికీ కింద ఇప్పపువ్వు ఎండబోశారు. తలుపు వైపు చూశాడు. గుమ్మంలో సంఘం మహిళలు కూర్చున్నారు. కప్పులోకే ఉమ్ముదామంటే కప్పు పూలి చేతిలో ఉంది.

అప్పుడు పూలి అడిగింది.

"అవ్ బాబూ, మరిచేపోయిన. మోకాలు ఆపరేషనని ఇన్నం. మీ అమ్మకు పానం ఎట్లున్నది?"

సాయికిరణ్ తల్లి బుల్లెమ్మకు పోయిన నెల ఖమ్మంలో మోకాలి ఆపరేషన్ జరిగిన మాట నిజం. మిర్చి కోతలకు సత్తుపల్లి వెళ్లినప్పుడల్లా తండా ఆడవాళ్లకు ఆమె మజ్జిగ పోసేదన్నదీ నిజం. పూలి కావాలనే ఆ క్షణంలో అడిగిందా లేక అప్పుడే గుర్తొచ్చిందా అన్నది నిర్ధారణ కాలేదు.

సాయికిరణ్ ఏమీ అనలేదు. అనే వీలు లేదు.

"బాబూ, నిన్నే. మీ అమ్మ ఎట్లున్నది?"

అతను చెయ్యి ఊపాడు. ఆ ఊపుకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకున్నారు. అతని కళ్లలో మిరియం తెచ్చిన నీళ్లు ఇంకా ఉన్నాయి. అందులో ఒక చుక్క చెంప మీదికి జారింది.

"ఏమైందే ఉషా?" అంది కేస్లీ. "పిలగాడు ఏడుస్తుండు."

సరిగ్గా అప్పుడు బసవపున్నయ్య ఖాళీ బకెట్టుతో గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నా," అంది ఉషారాణి, "బుల్లెమ్మక్కకు ఏమైంది?"

బసవపున్నయ్య కొడుకు వైపు చూశాడు. ఉబ్బిన బుగ్గలు చూశాడు. పూలి నెత్తి దగ్గర మంగలం చూశాడు. తర్వాత బకెట్టును వీపు వెనక దాచుకుని తల వంచాడు. ఎందుకు వంచాడో ఆయన ఇప్పటికీ చెప్పలేదు.

"ఓ బుల్లెమ్మో," అని కేస్లీ రాగం ఎత్తింది. "మజ్జిగ పోసిన తల్లో. ఆపరేషనుకని దవాఖానాకు పోతివా తల్లో." గుమ్మంలో కూర్చున్న ఇద్దరు ఆమె మెడ మీద చేతులు వేసి అందుకున్నారు. ఏడుపు విని పక్క వాకిలి నుంచి మరో నలుగురు వచ్చి, ఎవరికోసమో అడగకుండానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సైన్యాలు చుట్టుముడితే వీరుడు కత్తి దూస్తాడు. ఏడుపులు చుట్టుముడితే ఏం చేయాలో కూనూరులో చెప్పలేదు. ఒకవైపు గురువుకిచ్చిన మాట, ఒకవైపు ఇంట్లో కాలు చాపుకుని సీరియల్ చూస్తున్న తల్లి మీద బతికుండగానే శోకాలు. అతని కంఠంలో ఉండ పైకి లేచింది, ఆగింది, కిందికి దిగింది.

మింగాడు.

"మా అమ్మకేం కాలేదండీ," అన్నాడు. "నడుస్తోంది. నిన్న గుడికి కూడా వెళ్లింది."

కేస్లీ రాగం మధ్యలో ఆపింది. "మరి అడిగితే చెప్పవేంది?"

"నోట్లో టీ ఉందండీ."

"ఇప్పుడేడ పోయింది?"

అందరూ అతని గొంతు వైపు చూశారు. అయినా ఏడ్చినవాళ్లకు నమ్మకం కుదరలేదు. ఫోను చెయ్యమన్నారు. సాయికిరణ్ చేసి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఆరు కప్పుల మధ్య ఉంచాడు.

"ఆ, చెప్పరా," అంది బుల్లెమ్మ గొంతు. వెనక టీవీ మోగుతోంది. "చేరారా? పూలమ్మ వాళ్లు బాగున్నారా?"

"బాగున్నారమ్మా."

"ఏమన్నా పెట్టారా?"

"టీ ఇచ్చారు."

"తాగావా?"

సాయికిరణ్ తండ్రి వైపు చూశాడు. బసవపున్నయ్య చక్కెర డబ్బా మూత పెడుతున్నాడు.

"తాగానమ్మా."

పూలి మూలకు వెళ్లి, మంగలాన్ని మూడు రాళ్ల మీద పెట్టి, పొట్టు పోసింది.