జమునా రాయమల్లీయ దోనెవిజయము

సకల దిక్కులకు బొగ్గును, సకల గృహములకు కరెంటును దానము చేసి, తన వంతునకు మసిని, ఉక్కను మాత్రమే మిగుల్చుకొన్న త్యాగధని గోదావరిఖని పురమున, మధ్యాహ్నము ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినంతనే వంటింటి అల్మారాలోని ఇత్తడి చెంబులు తమంతట తామే మంగళవాద్యము మ్రోయించు ఒకానొక వీధియందు, మాఘమాస శుక్లపక్షమున, సముద్రమును టీవీలో తప్ప ఎన్నడును చూచి యెరుగని ఒక జంట సముద్రము మీదికి దండయాత్రకై సూటుకేసు కట్టెను. ఆ వీరగాథను చెప్పెదను. ఫోను ఒక పావుగంట బోర్లించి ఆలకింపుడు.

వీరుని పేరు రాయమల్లు. ముప్పదియారేండ్లు బొగ్గుబాయిలో పనిచేసినవాడు. తట్టయు, చెమ్మాసు అను బొగ్గెత్తెడి పారయు పట్టి దిగి, సర్దారు పదవికి ఎదిగినవాడు. కార్మికులకంటె ముందు తానే గనిలోనికి నడచి, తలమీది రాతికప్పును కర్రతో కొట్టి, ఆ చప్పుడును ఆలకించి, "రావచ్చు" అనియో "రావద్దు" అనియో తీర్పు చెప్పిన కర్ణేంద్రియ చక్రవర్తి. గని గేటు మీటింగులో మైకు చెడినను రోడ్డవతలి టీకొట్టు దాక మాట వినిపించిన మేఘగంభీర కంఠుడు. నెల క్రిందటనే రిటైరై, ఇంట ఆజ్ఞాపించుటకు ఎవ్వరును దొరకక కుక్కరు విజిళ్లకు లెక్క చెప్పుచున్న సైన్యరహిత సేనాని.

ఆయన అర్ధాంగి జమున. అంగన్‌వాడీలో ఇరువది రెండేండ్లు, నలువది మంది పసిపిల్లలను ఒక్క కనుబొమ్మతో కూర్చుండబెట్టిన ధీరురాలు. ఆమెకు జీవితమున ఒక్కటే వెలితి. పెండ్లియైన నాటినుండి భర్త డ్యూటీ దిగి రాగానే "ఇయ్యాల లోపల ఏమైంది?" అని ఆమె అడుగుటయు, "ఏమైతది, బొగ్గు" అని ఆయన కాళ్లు కడుగుకొనుటయు, ఈ రెండు వాక్యముల సంవాదము ముప్పది నాలుగేండ్లు ఒక్క అక్షరమైనను మారక సాగెను. భర్త దినమునకు ఎనిమిది గంటలు ఏ లోకమున నుండునో ఆ యిల్లాలికి తెలియకయే ఆయన ఉద్యోగము ముగిసిపోయెను.

సన్మానసభలో కప్పిన శాలువా మడత విప్పకముందే ఆమె తన ప్రతిజ్ఞను ప్రకటించెను.

"నువ్వు భూమి లోపల అంత సూసినవు. నేను పైన గూడ సూడలె. సముద్రం మీదికి పోదాం. మందిల కలిసి గాదు, మనకే ఒక పడవ. దీవి దీవికి దిగుకుంట పోదాం."

"గోదారి లేదా?" అనెను రాయమల్లు.

"గోదారిల నువ్వు పుష్కరాలకే మునగలే. ఇగ గోదారి ముచ్చట చెప్తున్నవా."

వాదము అంతటితో సమాప్తమయ్యెను. వారి బిడ్డ శోభ ఫోనులోనే థాయిలాండుకు టికెట్లు తీసెను. పడవలో నలుగురికి చోటున్నదని తెలిసి, ప్రక్కింటి సామ్యేలు దంపతులును కదలిరి. సామ్యేలు అదే గనిలో దీపములు ఇచ్చు గుమాస్తాగా రిటైరైనవాడు. ఆయన భార్య రాహేలు. ఇరువురును చర్చి క్వాయరులో ఇరువదేండ్లుగా ప్రక్కప్రక్కన నిలిచి పాడుచున్నవారు. ఈ గానవిద్య మున్ముందు రాయమల్లుకు ఎంతటి పరాభవము తెచ్చిపెట్టునో అప్పుడు ఎవ్వరును ఊహింపరైరి.

అనంతరము, ఫుకెట్టు రేవున సూర్యుడు రెండు తాటిచెట్ల ఎత్తు ఎక్కిన శుభముహూర్తమున, పొడవైన తోకవంటి ఇంజను గల ఒక చెక్కపడవ ఆ నలుగురిని మోసికొని సాగరమున ప్రవేశించెను. దానిని నడుపు నావికుడు ప్రసిత్ అను స్థానికుడు. పేరు వినగానే జమున, "మన ప్రసాదు తీరుగనే ఉన్నది పేరు" అని సంతసించి, ఆ క్షణమునుండి అతనిని "ప్రసాదు" అనియే పిలిచెను. అతడును పలికెను.

పచ్చని గాజుసీసాలను కరగించి పోసినట్లున్న ఆ అపార జలరాశిని, అందుండి కోటబురుజులవలె నిట్టనిలువుగా లేచిన ద్వీపములను రాయమల్లు ఈ చివరినుండి ఆ చివరిదాక పరికించి, చివరకు తన అభిప్రాయమును వెల్లడించెను.

"గిన్ని నీళ్లుండి తాగనీకి ఒక్క గిలాసకు పనికిరాకపాయె."

మొదటి ద్వీపమును వారు సకినాలు తిని జయించిరి. రెండవ ద్వీపమున ఒక మర్కటము సామ్యేలు టోపీని అపహరింపగా, సామ్యేలు దానిని క్షమించి, తన క్షమాగుణమును రాహేలు గమనించినదో లేదోయని రెండుమార్లు ఆమె వంక చూచెను. మూడవ ద్వీపము దగ్గర ప్రసిత్ ఇంజను ఆపి, లంగరు దించి, పడవకు వెనుక కట్టియున్న రెండు పసుపుపచ్చని దోనెలను ముందుకు లాగెను. అచట కొండ అడుగున నీటి మట్టమున ఒక గుహాద్వారము నల్లగా నోరు తెరచియుండెను. దాని గుండా దోనెలో పడుకొని దూరిపోయినచో, కొండ నడిబొడ్డున ఆకాశము కనబడు ఒక మడుగు ఉన్నదట. పోటు పెరిగినంతనే ద్వారము మునిగిపోవును. ప్రసిత్ గడియారము చూపి, రెండు చేతుల వ్రేళ్లను రెండుమార్లు విప్పెను. ఇరువది నిమిషములు.

అప్పుడు రాయమల్లు పడవ అంచున లేచి నిలిచి, నారింజరంగు లైఫ్ జాకెట్టు కవచమువలె మెరయుచుండగా, గేటు మీటింగు కంఠముతో ఇట్లు గర్జించెను:

"జమునా, సామ్యేలు తమ్మీ, రాహేలు చెల్లే, ప్రసాదూ. నాలుగొందల మీటర్ల లోతుల సీకట్ల నడిచినోన్ని నేను. నాతోని దిగిన మనిషి ఒక్కడు దారి తప్పలే. గీ ప్లాస్టిక్ దోనె నాకెంత. దోనెల ఎనుక కూసున్నోడే దారి తిప్పుతడట. దారి సూపుడు నా పని. నేను ఎనుక కూసుంట. జమున ముందట కూసుంటది. మీరు నా ఎంబడి రాండ్రి."

ఈ ప్రసంగము ముగియు వేళకు సామ్యేలు దంపతులు తమ దోనెలో దిగి కూర్చుండిరి. రాహేలు సన్నగా ఒక రాగమెత్తెను, సామ్యేలు శ్రుతి కలిపెను, రెండు తెడ్లు ఒకే తాళమునకు లేచి ఒకే తాళమునకు మునిగెను. ఆ దోనె చర్చి నడవలో పెండ్లికూతురువలె తిన్నగా, మర్యాదగా సాగిపోయి గుహలోనికి మాయమయ్యెను.

రాయమల్లు మీసము అదరెను. ఆయన తెడ్డెత్తెను. అహో, ఆ బాహుబలమును ఏమని వర్ణింతును. బొగ్గును గనిలోని టబ్బు బండ్లకు ఎత్తి ఎత్తి ఉక్కుకడ్డీలైన ఆ భుజములు సముద్రమును కుడివైపు నుండి త్రవ్వి త్రవ్వి వెనుకకు విసరుచుండ, దోనె మొదట తూర్పునకు నమస్కరించెను, పిదప ఉత్తరమునకు, పిదప పడమటికి, అంతట తాము బయలుదేరిన పడవకే అభిముఖమై వినయముగా నిలిచెను. రాయమల్లు రెట్టింపు క్రోధముతో త్రవ్వెను. దోనె రెట్టింపు వేగముతో ప్రదక్షిణము చేసెను. మూడవ ప్రదక్షిణమునకు జమున కన్నులు మూసికొనెను, నాలుగవదానికి తెరచెను.

"ఏమయ్యా, నువ్వు తెడ్డేస్తలేవు. టబ్బు నింపుతున్నవు."

"మరి నువ్వు ముందట ఏం చేస్తున్నవే?"

"తిరుగుతున్న, నీతోని."

ప్రసిత్ పడవపైనుండి వ్రేళ్లు చూపెను. పండ్రెండు నిమిషములు. రాయమల్లు తెడ్డును తొడలమీద ఉంచుకొనెను. చెమటయో ఉప్పునీరో ముఖముపై కారుచుండెను. దీపాలగుమాస్తా లోనికి పోయెను, సర్దారు బయట మిగిలెను. ఇది చాల చిన్న విషయమని ఆయన బుద్ధికి తెలియును. గొంతునకు మాత్రము తెలియలేదు.

"వద్దే ఇగ," అనెను మెల్లగా. "ఈడ్నే ఊకె కూసుందాం. ఎండ బాగున్నది."

జమున వెనుదిరిగి భర్త ముఖమును చూచెను. ఆ కంఠము అంత చిన్నదిగా పలుకుట ఆమె ఎన్నడును వినలేదు.

"నేను ఎనుకకు వస్త," అనెను.

"నీకస్తదా?"

"నీకు రాదని తెలిసింది గద. నాకస్తదో రాదో ఇంకా తెల్వదు."

దోనెలో ఇద్దరు తావులు మారుటయన్న, అది చక్రవ్యూహములోనికి చక్రవ్యూహమును మోసికొనిపోవుటతో సమానము. పడవ నిచ్చెనను ప్రసిత్ ఒక చేతను, దోనె ముక్కును ఒక చేతను పట్టి యుండగా, ఇరుకు సందులలో ప్రాకుటయందు ముప్పదియారేండ్ల అనుభవము గల రాయమల్లు దోనె అడుగున సాగిలబడెను. ఆయన వీపు మీదుగా జమున మోకాళ్లతో నడచెను. ఇరు జాకెట్ల కట్లు ఒకదానికొకటి తగులుకొనెను. దోనె కుడికి ఒరిగి, ఎడమకు ఒరిగి, ఏ వైపు బోల్తాపడవలెనో తేల్చుకొనలేక నిటారుగనే నిలిచిపోయెను. రాయమల్లు కుడికాలి చెప్పు ఒకటి అందమాను సముద్రమునకు బలియయ్యెను. ఎట్టకేలకు జమున వెనుకను, రాయమల్లు ముందును ఆసీనులైరి.

ఇక ఆ ఆజ్ఞలను వినుడు.

"కుడి పక్క ఒకటి. మెల్లగ. అన్నం పాత్రల గంటె పెట్టినట్టు పెట్టు. ఆ. ఇప్పుడు ఎడమ పక్క ఒకటి. ఆగు. ఆగుమంటే ఆగు. మళ్ల కుడి."

జీవితమున ఎవ్వరి ఆజ్ఞకును "ఎందుకు" అని అడుగక లొంగని ఆ పురుషసింహము, కుడియన్న కుడికి, ఆగుమన్న ఆగుటకు, అంగన్‌వాడీ పిల్లవానివలె తెడ్డు వేసెను. దోనె ఒక్కమారు తటపటాయించి, అటు ఇటు చూచి, మనసు మార్చుకొని, తిన్నగా కదలెను. గుహాద్వారము దగ్గరికి వచ్చెను. ఇరువురును వెల్లకిల పడుకొనిరి. రాయమల్లు తల జమున మోకాళ్ల దగ్గరికి చేరెను. రాతికప్పు వారి ముక్కులకు జానెడు ఎత్తున జారసాగెను. వెలుతురు పోయెను. పలుచని నీటి చప్పుడు తప్ప అన్యము లేదు.

నడిమధ్యన దోనె ఆగెను. జమున చేయి కప్పును పట్టి నిలిపివేసియుండెను.

"నాకు ఊపిరి ఆడతలేదు," అనెను ఆమె. "ఇది మీద పడితే ఎట్ల. ఎనుకకు పోదామయ్యా."

రాయమల్లు ఏ ఉపన్యాసమును చేయలేదు. తెడ్డు పిడిని పైకెత్తి, రాతిని మూడుచోట్ల తట్టెను. కంగు. కంగు. కంగు.

"విన్నవా?" అనెను. "గట్టి కప్పు. డొల్లగ ఉంటే పగిలిన కుండ తీరు మోగుతది. ఇది అట్ల మోగలే. నువ్వు నిమ్మలంగ ఊపిరి తీస్కో. నేను విన్నంక మనిషికి ఏం గాదు."

"డొల్ల సప్పుడు ఎన్నడన్న విన్నవా?"

అటువంటి ప్రశ్నకు ముప్పది నాలుగేండ్లుగా ఒకటే జవాబుండెను. చీకటిలో, తల భార్య మోకాళ్లపై నుండగా, ఆ జవాబు ఏలనో ఆయన నాలుకకు రాలేదు.

"ఒక్కసారి. మన శోభను బడిల ఏసిన ఏడు. మొదటి షిఫ్టు. పదకొండు మంది పని మీద ఉన్నరు. సప్పుడు తేడా వచ్చింది. అందర్ని ఎల్లగొట్టిన. ఉత్తగనే పని ఖరాబు చేసినవని తిట్టుకుంట ఎల్లిండ్రు. వాళ్లు మలుపు తిరిగిండ్రో లేదో, మొత్తం కూలింది. దుమ్ముల చేతిల కర్ర నాకే కనపడలే."

జమున మెల్లగా అడిగెను.

"ఆ పదకొండు మందిల పోశం ఉన్నడా?"

"ఉన్నడు."

"అందుకేనా మొన్న నీ సన్మానంల అంతగనం ఏడ్సిండు. నేను తాగి ఏడుస్తుండనుకున్న." ఆమె చేయి కప్పును విడిచి ఆయన బట్టతలపై వ్రాలెను. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తెల్లారి సద్ది కట్టుదువా?"

"కట్టుదు," అనెను జమున. "నాలుగు మాటలు అని కట్టుదు."

వారిరువురును అరచేతులతో రాతిని వెనుకకు నెట్టిరి. దోనె జారెను. మరుక్షణమున పైకప్పు తొలగి, నలుదిక్కుల పచ్చని కొండగోడలు నిలువుగా లేచిన ఆ మడుగున, గుండ్రని ఆకాశము క్రింద, సూర్యకాంతిలోనికి వెలువడిరి. అచట సామ్యేలు, రాహేలు పాట ఆపి తేలుచుండిరి.

"ఏందన్నా, గింత ఆలస్యం?" అనెను సామ్యేలు.

"లోపల కొంచెం మాట్లాడుకున్నం," అనెను రాయమల్లు.

"గుహలనా?"

"ఇంట్ల తీరిక దొరకలే తమ్మీ."

జమున ఆకాశమును, గోడలనుండి వ్రేలాడు తీగలను, నీటిలో కదలు తన నీడను తనివితీర చూచి, చూచుచునే ప్రశ్నలు మొదలుపెట్టెను. ఆ బాయిల గాలి ఎట్లుంటది, ఎలుకలు ఉంటయా, సద్ది ఏడ కూసోని తిందురు, అన్నిటికంటె భయమైన దినమేది. రాయమల్లు ఒక్కొక్కదానికే జవాబు చెప్పెను. ముప్పది నాలుగేండ్ల మౌనమునకు నాలుగు నిమిషములు ఏపాటి. కాని పోటు ఆగదు గదా. గుహ ఆవల ప్రసిత్ ఈల వినబడెను.

తిరుగు ప్రయాణమున సామ్యేలు దంపతులు ముందు, రాయమల్లు దంపతులు వెనుక. కప్పు ఈమారు నాలుగు వ్రేళ్లు దిగియుండెను. జమున తానే తెడ్డు పిడితో దానిని ఒకమారు తట్టి, విని, "మంచిగనే ఉన్నది" అని తీర్పు చెప్పి ముందుకు పోనిచ్చెను. గుహ దాటినపిమ్మట, పడవ నిచ్చెన వరకు గల దూరము నలువది తెడ్డువేటులు.

వినుడు, ఓ ద్వీపములారా, ఓ మర్కటములారా, ఓ రామగుండపు పొగగొట్టములారా. ఆ నలువది వేటులలో ఆ దోనె తూర్పునకు తిరుగలేదు. పడమటికి తిరుగలేదు. ఎవ్వరికిని నమస్కరింపలేదు. కుడి, ఎడమ, ఆగు, మళ్ల కుడి అను ఆజ్ఞాక్రమమున, గీతగీచినట్లు తిన్నగా సాగి, తన పసుపుముక్కును పడవ నిచ్చెనకు మెత్తగా తాకించి నిలిచెను. రెండు దోనెలు పాల్గొన్న ఆ మహాపరుగునందు జమునా రాయమల్లులు ఇట్లు నిర్వివాదముగా రెండవ స్థానమును గెలుచుకొనిరి. ప్రసిత్ చప్పట్లు కొట్టెను. రాయమల్లు ఒంటిచెప్పుతో నిచ్చెన ఎక్కి, భార్యకు చేయి అందించెను.

ఈ గాథను చదివిన దంపతులకు ద్వీపములు ప్రాప్తించునో లేదో నేను హామీ ఇవ్వజాలను. కాని ఇల్లు సదురు దినమున, బీరువాకు చెరియొక ప్రక్క నిలిచి, ఇరువురును దానిని ఒకే దిక్కునకు జరుపగల శక్తి వారికి తప్పక సిద్ధించును.