సీలు తీయని మరమనుషులు

"ఆ అరలన్నీ ఊడి వాడి మీద పడితేనో?"

అరలు ఊడలేదు. ఊడే ఉద్దేశం కూడా వాటికి లేదు. అయినా ఆ తల్లి రోజూ లేవగానే ఈ ప్రశ్న ఒకసారి పైకి అనేసి, ఆ తర్వాతే మొహం కడుక్కునేది. ముందే అనేస్తే జరగదని ఆమె నమ్మకం. ముప్పై మూడేళ్ళుగా కొడుకు విషయంలో ఈ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు.

కొడుకు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. తక్కిన సమయమంతా జపాను కార్టూన్లలోని మహా మరమనుషుల బొమ్మలు సేకరిస్తాడు. ప్రస్తుత జనాభా రెండువందల పదకొండు. కార్టూన్లో ఇవి ఒక్కొక్కటి మేడలంత పొడుగుంటాయి, నిప్పుల్లో నడుస్తాయి, ఊళ్ళకు ఊళ్ళు కాపాడతాయి. ఇంట్లో మాత్రం వీటికి ఎండ పడదు, తేమ పడదు, తుమ్ము అసలే పడదు. అందుచేత ఆ గది కిటికీ తెర తీయరాదనీ, జలుబున్నవారు గడప దాటరాదనీ నిబంధనలు అమల్లో ఉన్నాయి. తేమ లాగే యంత్రం కూడా అక్కడే పెట్టారు. పక్కగదిలో చెమ్మగోడ పక్కనే తండ్రి కీళ్ళు పట్టుకుని పడుకుంటాడు.

"నాదేముందిలే, పాత మోడలు," అంటాడాయన.

అన్నిటికన్నా కఠినమైన నిబంధన ఒకటుంది. ఏ పెట్టె సీలూ తీయకూడదు.

"మోకాళ్ళు వంగుతాయంటావు, రెక్కలు విప్పుతాయంటావు. ఒక్కరోజైనా వాటిని నిలబడనియ్యవేంరా?" అని తల్లి పోరేది.

"తీస్తే ఇంక అది కొత్తది కాదమ్మా."

ఆ మధ్య సేకరణదారుల సంఘం అధ్యక్షులవారు స్వయంగా తనిఖీకి విచ్చేశారు. చేతితొడుగులు వేసుకుని పెట్టెల మూలలన్నీ తడిమి, గొంతు సవరించుకున్నారు. "ఈ యువకుడు మన సంఘానికే గర్వకారణం! ఇన్నిటిలో ఒక్కదాని కాలైనా నేల తాకలేదు! ఒక్కదానికైనా బయటి గాలి సోకలేదు!"

తల్లికి కళ్ళు చెమర్చాయి. పెంపకం అంటే ఏమిటో ఆమెకు తెలియనిది కాదు. పడతాడని సైకిలు కొనలేదు, మునుగుతాడని ఈత నేర్పలేదు, బస్సు బోల్తా పడుతుందని బడివాళ్ళ విహారయాత్రకు పంపలేదు. ఈ రోజుకీ వాడి మోకాళ్ళ మీద ఒక్క గీత కనిపిస్తే చూపించమనండి.

అంతటి వాడికి ఇంకా పెళ్ళి కాలేదు. ఈ బొమ్మల్ని చూసి ఏ పిల్లయినా పారిపోతుందని తల్లి బెంగ. కాబట్టి దుకాణంలో కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి ఒక మధ్యాహ్నం బొమ్మలు చూస్తానని ఇంటికొచ్చేసరికి, తల్లికి గుండె ఆగినంత పనైంది.

అమ్మాయి పారిపోలేదు. గది మధ్య నిలబడి ఒక పెట్టెలోకి తొంగిచూసింది.

"ఎంత బావుందో! పాపం, దీనికి లోపల ఊపిరాడుతుందా?"

తల్లికి ప్రాణం లేచొచ్చింది. "నేనూ అదే మొత్తుకుంటున్నాను తల్లీ! ఎన్నాళ్ళని దాస్తాడు? బయటికి తియ్యాలి, ఆడించాలి. పడితే పడుతుంది, గీత పడితే పడుతుంది! దేనికోసం చేశారు వాటిని?"

అమ్మాయి నవ్వి అతనివైపు తిరిగింది. "ఆదివారం మేమంతా సముద్రానికి వెళ్తున్నాం. మీరూ రండి."

అతను పెట్టెవైపు చూశాడు. అమ్మాయివైపు చూశాడు. నోరు తెరిచాడు కూడా. తర్వాత తల్లివైపు చూశాడు. తేమ యంత్రంలో నీళ్ళు టక్... టక్... మని పడుతున్నాయి. పెట్టెలు దులిపే మెత్తటి బ్రష్షుతో తల్లి కొడుకు కాలరు మీది దుమ్ము నెమ్మదిగా తుడిచింది. మళ్ళీ తుడిచింది. అప్పుడు జవాబు వచ్చింది.

"వాడికి ఉప్పుగాలి పడదు తల్లీ. నువ్వెళ్ళొచ్చి ఎలా ఉందో చెప్పు, వింటాడు," అంది తల్లి.